పిరానాల సైలస్

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో సైలస్ ఇల్లెక్కడ అని అడిగితే ఒకప్పుడు ఎవరూ చెప్పలేకపోయేవారు. విక్టోరియా టీచర్ ఇల్లంటే మాత్రం పసిపిల్లలు కూడా వేలెత్తి చూపించేవారు. టీచరమ్మ ఇంటాయన, అదే ఆయన పేరు. నలభై ఏడేళ్లు వచ్చేదాకా ఆయన గొంతెలా ఉంటుందో గల్లీలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందీ ఆయన దగ్గినప్పుడు విన్నవాళ్లే.

అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పని. ముందు గదిలో సేటు శ్యామ్‌సుందర్ గిరాకీలతో ముచ్చట్లు పెడుతుంటే, పరదా వెనక చీకటి గదిలో సైలస్ అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించేవాడు. పనిలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు. పావు పాయింటు తేడా ఉన్నా ఆ కన్ను పట్టేసేది. ఇరవై ఎనిమిదేళ్లుగా అబిడ్స్‌లో ఎంతమంది ఆయన బిగించిన అద్దాల్లోంచి పేపరు చదువుకున్నారో లెక్కలేదు గానీ, ఆయన్ను చూసినవాళ్లు పదిమంది కూడా ఉండరు.

మాట రాక కాదు. ఆయన వాక్యం మొదలుపెట్టడమే తడవు, ఎవరో ఒకరు అందుకుని పూర్తి చేసేసేవారు. విక్టోరియా మంచి మనిషే, కానీ బడిలో అరవై మందికి వినిపించాల్సిన గొంతు ఇంటికొచ్చాక మాత్రం ఎలా తగ్గుతుంది? ఈయన "ఇయ్యాల..." అనగానే ఆవిడ "కూర బీరకాయ" అని తేల్చేసేది. అందరికంటే గట్టివాడు ఆవిడ అన్న వరప్రసాద్. మెదక్‌లో హెడ్మాస్టరు చేసి రిటైరైనవాడు. ఎప్పుడొచ్చినా "ఏం సైలస్, మౌనవ్రతం ఇంకా ఒడవలేదా?" అని అడిగి, జవాబు ఆయనే చెప్పుకుని, నవ్వు కూడా ఆయనే నవ్వేవాడు. సైలస్ చెప్పాలనుకున్న జవాబులన్నీ కడుపులోనే ఉండిపోయాయి. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఎన్ని జవాబులు పోగుపడి ఉంటాయో మీరే ఆలోచించండి.

అలాంటి మనిషి నోరు తెరిచింది 2004 జనవరిలో. అప్పుడు నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తోంది, నాంపల్లంతా జాతర. అబిడ్స్ సందులో అక్వేరియం దుకాణం పెట్టుకున్న విజయేందర్‌కు కొత్త కళ్లజోడు ఇచ్చి రమ్మని సేటు పంపితే సైలస్ వెళ్లాడు. విజయేందర్ జోడు పెట్టుకుని, దుకాణమంతా కొత్తగా చూసుకుని మురిసిపోయి, ఆ సంతోషంలో ఈయన భుజం మీద చెయ్యి వేసి లోపలి తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు.

"కలకత్తా మాల్. ఎవ్వరికి చెప్పలే. జర మెల్లగ మాట్లాడు," అన్నాడు, సైలస్ ఇంకా నోరే తెరవలేదు. "పిరానాలు. ఏలు పెట్టినవనుకో, ఏలు ఉండది."

పాత రూపాయి బిళ్లంత చేపలు నాలుగు. వెండి ఒళ్లు, కుంకుమ అద్దినట్టు ఎర్రటి పొట్టలు. నాలుగూ ఒకేసారి తిరిగి సైలస్‌ను చూశాయి. ఆయన గుండె దడదడలాడింది. మనిషికి ఏ పిచ్చి ఏ వయసులో పడుతుందో ఎవరు చెప్పగలరు? "నాలుగూ నాకియ్యి," అన్నాడు. అన్నాక, ఆ మాట ఎవరన్నారా అని తనే వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఇంటి గేటు దగ్గర ఓనరమ్మ అనసూయ చాటలో బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. కింది భాగం ఆమెది, పైన వీళ్లు కిరాయికుంటారు.

"ఏంది సైలస్, గా సంచిల?"

"పిరానా."

"కొత్తగ కొనుక్కొచ్చి పురానా అంటవేంది? ముసలి చాపల్ని గిట్ల అంటగట్టిన్రా నీకు?"

వేరే రోజైతే సైలస్ తల ఊపి మెట్లెక్కిపోయేవాడు. ఆ రోజు మాత్రం మూడో మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. "పురానా కాదమ్మా, పిరానా. అమెరికా అడవుల నదులల్ల ఉంటయి. ఎద్దు నీళ్లల్ల దిగితే ఎముకలే మిగులుతయి," అని మొదలుపెట్టి, విజయేందర్ చెప్పింది కొంతా, అప్పటికప్పుడు తోచింది కొంతా కలిపి ఐదు నిమిషాలు చెప్పాడు. అనసూయ చేతిలో చాట ఆగిపోయింది. మధ్యలో ఒక్కసారి కూడా అందుకోలేదు. ఎముకలే మిగులుతాయని చెప్పేవాడి మాటకు ఎవరు అడ్డొస్తారు? సైలస్‌కు ఒళ్లంతా జివ్వుమంది. ఒక మనిషి తన మాట మొత్తం, చివరిదాకా, కళ్లు పెద్దవి చేసుకుని వినడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఇక ఆగింది లేదు. నాలుగడుగుల తొట్టి వచ్చింది. మందపాటి అద్దం తనే చూసి ఎంచాడు. కరెంటోళ్లు వేసుకునే రబ్బరు గ్లవ్స్ వచ్చాయి, మూరెడు పొడుగు పట్టకారు వచ్చింది, "చేతులు పెట్టరాదు" అని తొట్టి మీద అట్టముక్క వచ్చింది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలన్నీ తిరగేసి పిరానాల బొమ్మలున్న ఇంగ్లీషు పత్రిక ఒకటి పట్టుకొచ్చాడు. సగం పేజీలు చెదలు తిన్నాయి. మిగిలినవి డిక్షనరీ పక్కన పెట్టుకుని, అద్దాల పనికి వాడే భూతద్దం కంటికి బిగించి చదివాడు. బొమ్మలో చేపకూ తొట్టిలో చేపకూ తేడా కనిపించలేదు. అదే ఒడ్డూ పొడుగూ, అదే ఎర్ర పొట్ట. బొమ్మలో చేప నోరు తెరిస్తే పళ్లు రంపంలా ఉన్నాయి. ఈ నాలుగూ మాత్రం ఒకప్పటి ఆయనలాగే మూసిన నోరు తెరిచేవి కావు.

మూడు వారాల్లో సంగతి గల్లీ దాటింది. ఆదివారం చర్చి కాగానే జనం తిన్నగా సైలస్ ఇంటికే వచ్చేవారు. మెట్ల మీద వరస. లోపల ఎనిమిదిమందికే చోటు. సైలస్ గ్లవ్స్ తొడుక్కుని, దారానికి కోడి కాలు కట్టి, మాట మధ్యలో సరిగ్గా ఎక్కడ దించాలో అక్కడే నీళ్లలోకి దించేవాడు. ఆకలి మీదున్న నాలుగూ దాని మీద పడేవి. నీళ్లు ఎగిరిపడేవి, ఆడవాళ్లు వెనక్కి జరిగేవారు, పిల్లలు ఇంకోసారి ఇంకోసారి అని గోల చేసేవారు. నలభై ఏడేళ్లు దాచుకున్న గొంతు కదా, ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆపాలో దానికి ముందే తెలుసన్నట్టు ఉండేది.

అనసూయకు మాత్రం భయం పోలేదు. తొట్టి నీళ్లు పారబోస్తే మోరీలోంచి చేపపిల్లలేమైనా తమ నల్లాలోకి వస్తాయేమోనని నల్లాకు గుడ్డ కట్టేసింది. "ఫికర్ చెయ్యకమ్మా, నేనున్న గదా," అన్నాడు సైలస్. ఆ మాట ఆయన ఎవరితోనైనా అన్నది అదే తొలిసారి.

దుకాణంలో కూడా రోజు మారింది. గిరాకీలు వచ్చి "గా పిరానాలాయన ఎవరు?" అని అడగడం మొదలైంది. శ్యామ్‌సుందర్ ఒకటి రెండుసార్లు పిలిచి చెప్పించాడు. సైలస్ చేపల సంగతి చెబుతూ, మాటల్లోనే గిరాకీ ముక్కు మీద ఫ్రేము సరిచేసి, చెవి వెనక వంపు చూసి, ఇంకో జత కూడా ఒప్పించేవాడు. సేటు తెలివైనవాడు. లోపలి పనికి ఇంకొకణ్ని పెట్టుకుని సైలస్‌ను కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాడు. పరదా ఇవతల, వెలుతురులో, రోడ్డు కనిపించే చోట. పిరానాల సైలస్ అంటే ఇప్పుడు అబిడ్స్ నుంచి కాచిగూడ దాకా తెలిసినవాళ్లున్నారు.

ఇంటికి రాగానే చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టేవాడు. ఎవరొచ్చారు, ఏమడిగారు, తానేమన్నాడు. విక్టోరియా దిద్దాల్సిన నోటుబుక్కులు ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీయకుండా వినేది. ఆవిడ మధ్యలో అందుకోకపోవడం చూసి, చేపలంటే భయపడి నోరు కట్టేసుకుందనుకున్నాడు సైలస్. ఒకసారి తొట్టి అడుగున తోటకూర ఈనె కనిపించింది. "ఇదెట్ల వచ్చింది?" అంటే "కిటికీలకెల్లి గాలికి వచ్చిందేమో," అంది ఆవిడ పేజీ తిప్పుతూ. నాలుగో అంతస్తు కాదు, మొదటి అంతస్తే కదా, రావచ్చు అనుకున్నాడు.

రెండున్నరేళ్లు అలా వెలిగాడు. 2006 జూన్‌లో మృగశిర కార్తె దగ్గరపడుతుండగా మెదక్ నుంచి ఫోను వచ్చింది. వరప్రసాద్‌కు ఉబ్బసం ముదిరింది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇచ్చే చేపమందుకు వస్తున్నాడు. తోడు ఇద్దరు మాస్టర్లు. చెల్లెలి ఇల్లు పక్కనే కాబట్టి దిగడం అక్కడే.

సైలస్‌కు పండగే పండగ. బావ ఇంతవరకు చేపలు చూడలేదు. "ఏందో చాపలు పెంచుతున్నడట" అని ఫోన్లో నవ్వాడని మాత్రం తెలుసు. వారం రోజులు సైలస్ స్నానం చేస్తూ, నడుస్తూ, ఫ్రేములు తుడుస్తూ చెప్పాల్సింది వల్లెవేసుకున్నాడు. దుకాణంలోని మెత్తటి గుడ్డ తెచ్చి తొట్టి అద్దాన్ని కళ్లజోడులా తుడిచాడు. అరచేతికి మించి ఎదిగిన నాలుగు చేపలూ అటూ ఇటూ తళతళలాడుతూ తిరుగుతున్నాయి. ఆ ఒక్క పూట బావ కూర్చుని వింటే చాలు, అంతకంటే ఆయనకేమీ అక్కర్లేదు.

ఆ రోజు నాంపల్లిలో అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. వరప్రసాద్ తెల్లవారుజామున లైన్లో నిలబడి, మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగి, పదిన్నరకు కడుపు తడుముకుంటూ ఇల్లు చేరాడు. పథ్యం బావకు, మృగశిర మాత్రం మిగతా అందరికీ. ఆ రోజు చేప తినకపోతే ఎలా? కొర్రమీను తెచ్చివ్వమని విక్టోరియా చేపలమ్మే యాదవ్వకు ముందురోజే చెప్పి ఉంచింది.

గది నిండిపోయింది. బావ పేము కుర్చీలో, మాస్టర్లు మంచం మీద, అనసూయ గుమ్మంలో, గల్లీవాళ్లు గోడల వెంట. మెట్ల మీద ఇంకో పదిమంది. సైలస్ గ్లవ్స్ తొడిగి మొదలుపెట్టాడు.

ఏమి చెప్పాడండీ ఆ రోజు! నది చెప్పాడు, అడవి చెప్పాడు, ఎద్దును దింపి ఒడ్డుకు వచ్చిన కాపరి సంగతి చెప్పాడు. వరప్రసాద్ రెండుసార్లు అందుకోబోయి నోరు తెరిచాడు, రెండుసార్లూ మూశాడు. సరైన చోట కోడి కాలు నీళ్లలోకి దిగింది. నాలుగూ దూకాయి. నీళ్లు ఎగిరి హెడ్మాస్టరు గారి చొక్కా మీద పడ్డాయి. ఆయన రెండు కాళ్లూ ఎత్తి కుర్చీలో పెట్టేసుకున్నాడు. పొద్దున్నే చేపను మింగినవాడు మధ్యాహ్నం కాకముందే చేపకు బెదిరి ముడుచుకు కూర్చున్నాడని మాస్టర్లు నవ్వారు. సైలస్‌కు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

సరిగ్గా అప్పుడే యాదవ్వ జనాన్ని తోసుకుంటూ గంపతో లోపలికి వచ్చింది.

"టీచరమ్మా, కొర్రమీను దొరకలే. పొద్దుగాలనే ఎగవడి కొనుక్కపోయిన్రు. రూప్‌చంద్ తెచ్చిన. గీ మధ్యనే వస్తున్నయి, ముండ్లు తక్కువ," అని గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, తొట్టి వైపు చూసింది. "అవ్వో, మీరు గూడ రూప్‌చంద్‌లనే పెంచుతున్నరా సారూ? గీ అద్దాల పెట్టెల ఎట్ల పెరుగుతయి? చెర్ల ఏసుంటే ఈపాటికి ఒక్కోటి కిలో దాటుతుండె."

సైలస్ దయగా నవ్వాడు. "ఇవి పిరానాలు యాదవ్వా."

"గా పేరు నాకెర్క లేదు సారూ," అంటూ ఆమె గంపలోంచి ఒకదాన్ని తీసి, బొటనవేలితో నోరు తెరిచి ఆయన ముందు పెట్టింది. "చూడు, మనిషి పండ్ల లెక్కనే ఉంటయి దీనికి."

సైలస్ జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని వంగాడు. ఎర్ర పొట్ట. అదే రెక్క, అదే పొలుసు. నోట్లో చదునైన పళ్లు, పక్కపక్కన, పిల్లవాడి పాలపళ్లలా. తొట్టి వైపు తిరిగాడు. ఒకటి కోడిముక్క నములుతోంది, నోరు తెరుచుకుంది. అవే పళ్లు. పత్రికలో రంపం పళ్లు కాదు. పావు పాయింటు తేడా పట్టే కన్ను, అదెప్పుడూ ఆయనకు అబద్ధం చెప్పలేదు.

"గివి ఏం తింటయమ్మా?" అని అడిగాడు వరప్రసాద్.

"ఏదేస్తె గదే తింటయి. గడ్డి, ఆకులు, తౌడు, అన్నం."

వరప్రసాద్ కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కుర్చీ దిగాయి. ఆయన నవ్వాడు. ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. మాస్టర్లు నవ్వారు, గోడల వెంట నిలబడ్డవాళ్లూ మెల్లగా మొదలుపెట్టారు. "ఇన్నేండ్లకు నోరు తెరిస్తివి సైలస్," అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ. "తెరిచి గిదా నువ్వు చెప్పింది?"

సైలస్ గ్లవ్స్ విడిచి తొట్టి పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాడు. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. రేపు దుకాణంలో ఏ మొహం పెట్టుకుని కౌంటర్ దగ్గర కూర్చోవాలి? సేటుకు చెప్పి లోపలి గదిలోకే పోవడం నయం. పరదా వెనక ఎవరూ ఏమీ అడగరు. విక్టోరియా వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూశాడు సైలస్.

"నీకు తెలుసా?"

"ఔ."

"ఎప్పటిసంది?"

"రెండో నెల నుంచి. తొట్టి పక్కన కూసోని తోటకూర తెంపుతున్న. ఒక కాడ నీళ్లల్ల పడ్డది. నాలుగూ ఎగవడి తిన్నయి. ఈనె తీద్దామని చెయ్యి పెడితే పెదవులతోటి తడిమినయి, గంతే. అప్పటిసంది మీరు దుకాణం పోయినంక రోజూ నేనే ఆకు పెడుతున్న."

"అంటే రెండేండ్లు నన్ను పిచ్చోన్ని చేసి చూసినవు."

ఎన్నడూ మాటకు తడుముకోని విక్టోరియా తడుముకుంది. "పెండ్లయి వచ్చినప్పటి నుంచి మీరు నాతోటి మాట్లాడిన మాటలన్నీ కలిపినా, గా రెండు నెలల మాటలంత కావు. తలుపు తీస్తనే మొదలుపెట్టెటోళ్లు. నేనొక్క మాట అంటే ఆగిపోతదని భయమైంది. ఇంతకుముందు ఆపింది నేనే గదా. అందరి లెక్కనే నేనూ మీ మాట నడుమల తుంచిన. గీ ఒక్కటి తుంచబుద్ధి కాలే."

సైలస్‌కు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఎందుకో గుండె నిండిపోయింది కూడా. ఏ రోజూ పెన్ను మూత తీయకుండా కూర్చున్న మనిషి భయపడి కాదు, వినడానికి కూర్చుందన్నమాట.

ఇంతలో మెట్ల మీద నుంచి ఎవరో కేకేశారు. "అయిపోయిందా సైలసన్నా? మేమింకా చూడలే!" దానికి జవాబుగా గదిలోంచి వరప్రసాద్ గొంతు ఖంగున వినిపించింది. "ఏం లేదమ్మా, పోన్రి పోన్రి. గవి పులుసు చాపలు. మా సైలస్ ఏం జేసిండంటే..."

తన సంగతి, తన ఇంట్లో, తన చేపల ముందు, మళ్లీ బావే చెప్పేస్తున్నాడు. సైలస్ వంటింట్లోంచి బయటికి వచ్చాడు. గ్లవ్స్ ముట్టుకోలేదు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, అట్టముక్క పక్కకు జరిపి, చెయ్యి నీళ్లలో ముంచాడు.

అప్పటిదాకా నవ్వినవాళ్లే గబుక్కున వెనక్కి జరిగారు. అనసూయ కళ్లు మూసుకుంది. నాలుగు చేపలూ ఆగి, తిరిగి, మెల్లగా వచ్చాయి. ఒకటి బొటనవేలును పెదవులతో తడిమింది. ఇంకొకటి అరచేతి కింద దూరి వీపు రాసుకుంటూ పోయింది. రెండున్నరేళ్లుగా ప్రాణంలా పెంచుకున్నవి, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఎంత నున్నగా ఉన్నాయి! సైలస్ నవ్వాడు. పైకే, అందరికీ వినబడేలా నవ్వాడు.

"మెట్ల మీదున్నోళ్లంత లోపలికి రాన్రి," అన్నాడు. "ఇవి పిరానాలు కావు, రూప్‌చంద్‌లు. ఇన్ని దినాలు తప్పు చెప్పిన, మాఫ్ చెయ్యున్రి. నాకివి అమ్మినాయనకు గూడ తెల్వదు. ఇప్పుడు సరిగ్గ చెప్త. దీని నోట్లె పండ్లు చూసిన్రా? మన పండ్ల లెక్కనే. గింజలు పగులగొట్టనీకె ఉన్నయి గవి. అందుకే..."

జనం తొట్టి చుట్టూ మూగారు. పిల్లలిద్దరు అప్పుడే చొక్కా చేతులు మడుస్తున్నారు. అనసూయ ఒక కన్ను తెరిచింది.

"గది కాదు సైలస్, అసలు సంగతేందంటే..." అని అందుకున్నాడు వరప్రసాద్.

"జర ఆగున్రి బావా," అన్నాడు సైలస్, చెయ్యి నీళ్లలోంచి తీయకుండానే. "నేను మాట్లాడుతున్న."

వరప్రసాద్ ఆగాడు. సైలస్ తోటకూర కాడ తెమ్మని విక్టోరియాకు చెప్పి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి అందుకున్నాడు.